లాసన్స్ బే కారు: అడుగున నల్ల కోటింగ్, దాని కింద తుప్పు

బండి 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, తెలుపు రంగు. మొదటి నుంచీ ఒకే ఓనరు. తిరిగింది 61 వేల కిలోమీటర్ల చిల్లర. ఉండేది విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న అపార్ట్‌మెంటు కింద, స్తంభాల మధ్య పార్కింగులో. రోజూ బీచ్ రోడ్డు మీదుగా సిరిపురం, సెలవు రోజుల్లో రుషికొండ, భీమిలి. షెడ్డుకు వచ్చినప్పుడు చెప్పిన కంప్లయింట్లు రెండే. ఎడమ వెనక చక్రం పైన పెయింటు పొక్కులు లేచాయి. ముందు ఎడమ సీటు కింద కార్పెట్ ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది. ఓనరు కోరింది కూడా రెండు ముక్కలే: పొక్కులు గోకి పెయింటు కొట్టాలి, అడుగున మరోసారి కోటింగ్ వేయాలి.

అడిగినట్టే చేసి పంపేస్తే తర్వాతి వానలకే బండి మళ్ళీ షెడ్డుకు వచ్చేది. అదే పార్కింగులో, అదే వయసున్న పక్క బండికి డోరు అంచున గోరంత తుప్పు కూడా లేదు. ఉప్పు గాలి రెండింటికీ ఒకటే. ఈ బండిలో ఆ ఉప్పు తప్పించుకుపోయే దారులు మూసుకుపోయాయి. మూసినవన్నీ బండిని కాపాడాలనో, బాగు చేయాలనో చేసిన పనులే. ఈ కేసులో చూడాల్సింది అదే.

ఉప్పు ఎందుకు ఆరదు

మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే దానంతట అదే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికైతే 33 శాతం తేమ చాలు. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు ఉదయపు తేమ 75కి పైనే ఉంటుంది. కాబట్టి రేకు మీద ఉప్పు పొర ఒకసారి కూర్చుందంటే వాన పడకపోయినా, ఎవరూ నీళ్ళు పోయకపోయినా ఆ రేకు తడిలోనే ఉన్నట్టు లెక్క. ఇనుము, ఉప్పునీరు, గాలి మూడూ ఒకచోట చేరాక తుప్పుకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆరుబయట నిలిపిన బండి మీద ఉప్పును వాన అప్పుడప్పుడు కడిగేస్తుంది. స్తంభాల పార్కింగులో సముద్రపు గాలి అటు నుంచి ఇటు దూసుకుపోతుంది, వాన మాత్రం పడదు. ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. ఎండ తగలదు కాబట్టి చెమ్మ కూడా త్వరగా ఆరదు. దాని మీద కవరు కప్పితే పరిస్థితి ఇంకా పాడు. "కవరు తీయకుండా చూసుకున్నాం కదండీ, ఇలా ఎలా అయింది?" అని ఓనరు అడిగారు. కవరు లోపలి వైపు అరచేత్తో రాసి చూపిస్తే చేతికి జిగట తగిలింది. వారానికోసారి దులిపి వేస్తున్న ఆ కవరును ఉతికిన గుర్తు ఎవరికీ లేదు.

తనిఖీలో బయటపడినవి

మొదట పెయింటు మందం మీటరు. బండి అంతటా 95 నుంచి 125 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య వచ్చింది, ఫ్యాక్టరీ పెయింటుకు అది మామూలే. ఎడమ వెనక క్వార్టర్ ప్యానెల్, అంటే వెనక చక్రం చుట్టూ ఉండే రేకు మీదికి వచ్చేసరికి 340, 600, 900, ఒకచోట 1,300. అంటే కింద పుట్టీ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటినప్పుడు చెట్టుకొమ్మ పడి అక్కడ సొట్ట పడిందని, ఇన్సూరెన్సులో బాగు చేయించామని ఓనరు అప్పుడు చెప్పారు.

పొక్కులను దగ్గరగా చూస్తే వాటి వరస విచిత్రంగా ఉంది. ఐదు పొక్కులు, ఒకే గీత మీద, ఒకదానికొకటి దాదాపు 4 సెంటీమీటర్ల ఎడంతో. తుప్పు తనంతట తాను పుడితే ఇలా కొలిచినట్టు రాదు. పుట్టీ తీశాక అసలు సంగతి తెలిసింది. సొట్ట లాగడానికి వాషర్లు వెల్డింగుతో అతికించి, లాగాక గ్రైండరుతో కోసేశారు. ఐదు పొక్కులూ ఆ ఐదు అతుకుల మీదే లేచాయి. డిక్కీ లోపలి ట్రిమ్ విప్పి, ఫోనుకు తగిలించే 5.5 మిల్లీమీటర్ల కెమెరాను రేకు వెనక్కి పంపితే అవే ఐదు చోట్ల రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చలు కనిపించాయి. వెల్డింగు వేడికి రేకు వెనక వైపు ఉన్న ఫ్యాక్టరీ ప్రైమరు కాలిపోయింది. బయట నున్నగా పుట్టీ పెట్టి పెయింటు కొట్టినవాళ్ళు వెనక్కి తుప్పు ఆపే మైనం ఒక చుక్క కూడా పంపలేదు. తుప్పు లోపల పుట్టి బయటికి తిన్నది. ఐదింటిలో రెండుచోట్ల రేకు సూది బెజ్జంలా పోయింది.

పుట్టీ గురించి ఒక మాట. పాలియెస్టర్ పుట్టీ చెమ్మ పీలుస్తుంది. వట్టి ఇనుము మీద నేరుగా పెడితే ఇనుముకూ పుట్టీకీ మధ్య ఎప్పుడూ తడే. ముందు ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పుట్టీ అన్న క్రమం మన ఊళ్ళో తప్పనిసరి. లోపలి జిల్లాల షెడ్లలో ఆ క్రమం లేకపోయినా కొన్నేళ్ళు గడిచిపోవచ్చు. ఇక్కడ గడవదు.

తర్వాత బండిని లిఫ్ట్ ఎక్కించి నాలుగు చక్రాలూ, చక్రాల పైనున్న ప్లాస్టిక్ లైనర్లూ విప్పాం. అడుగంతా దట్టంగా నల్ల రబ్బరు కోటింగ్. బండి కొన్న కొత్తలో ఒకసారి, నాలుగేళ్ళకు మరోసారి కొట్టించారు. చూడటానికి ముచ్చటగా ఉంది. స్క్రూడ్రైవరు పిడితో తడుతూ పోతే సగం చోట్ల గట్టి శబ్దం, సగం చోట్ల బోలు శబ్దం. బోలుగా పలికినచోట స్క్రాపరు అంచు పెడితే కోటింగ్ అరచేతి వెడల్పు పెచ్చులుగా ఊడొచ్చింది. పెచ్చు వెనక గోధుమరంగు పొడి, దాని మీద నీటి బొట్లు. పైన పటారం, లోన లొటారం. రెండోసారి కోటింగ్ కొట్టినప్పుడు అడుగు కడిగి ఆరబెట్టలేదని ఆ పెచ్చుల మధ్య ఇరుక్కున్న ఇసుకే చెబుతోంది. రబ్బరు కోటింగ్ మంచి రేకుకు అంటుకుంటే రాళ్ళ దెబ్బను బాగా ఆపుతుంది. ఎక్కడో ఒకచోట చీలి నీరు దూరిందంటే ఆ నీటిని బయటికి పోనివ్వదు.

అసలు దెబ్బ తగిలింది రన్నింగ్ బోర్డులకు, అంటే డోర్ల కింద ముందు నుంచి వెనక్కి పోయే పెట్టె భాగానికి. ఆ పెట్టె లోపలికి చేరే నీరు పోవడానికి కింది అతుకులో పక్కకు ఐదేసి సన్నని బెజ్జాలున్నాయి. ఎడమవైపు ఐదూ కోటింగ్‌తో పూడిపోయాయి. కుడివైపు మూడు పూర్తిగా, రెండు సగం. సైకిల్ పుల్ల పెట్టి ఎడమవైపు వెనక బెజ్జం తెరవగానే అర గ్లాసు తుప్పు నీరు కారింది. నీటిలో ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు, ఇంట్లో ఫిల్టరు నీళ్ళు చూసేదే, అందులో ముంచితే 4 వేల పీపీఎం దాటింది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కుళాయి నీరు అదే మీటరులో 180. ఆ పెట్టె వెనక కొసన, చక్రానికి ముందు, 5 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున రేకు పూర్తిగా పోయింది. పైన కోటింగ్ ఉండబట్టి కనపడలేదు, అంతే. స్క్రూడ్రైవరు ఆనించగానే దిగిపోయింది.

ఎడమవైపే ఎక్కువ దెబ్బ తినడానికి రిపేరు ఒక్కటే కారణం అనుకోలేం. మనం నడిపేది రోడ్డుకు ఎడమన కాబట్టి, బీచ్ రోడ్డు అంచున చేరే ఇసుక, నిలిచే నీరు ఎడమ చక్రాలకే ఎక్కువ తగులుతాయి. ఎడమ వెనక చక్రం పైన రేకు మడతలో, లైనరుకూ రేకుకూ మధ్య గుప్పెడు తడి మట్టి ఇరుక్కుని ఉంది. బండి రెండు రోజులుగా షెడ్డులో కదలకుండా ఉన్నా ఆ మట్టి ఆరలేదు.

ఇక కార్పెట్ చెమ్మ. ఇలాంటప్పుడు అనుమానం ఏసీ డ్రైన్ పైపు మీదికి పోతుంది, చాలామంది అదే శుభ్రం చేసి పంపేస్తారు. తేడా పట్టడం తేలిక. ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు, టీడీఎస్ పదుల్లో ఉంటుంది. ఈ కార్పెట్ పిండితే వచ్చిన నీరు 1,500 దాటింది. అపార్ట్‌మెంటు బోరు నీరు తెప్పించి చూస్తే 1,400. దాంతో ముడి విడిపోయింది. వాచ్‌మన్ రోజూ బోరు నీళ్ళ పైపుతో ముందు అద్దం మీద నుంచి కడుగుతున్నాడు. వైపర్ల కింది ప్లాస్టిక్ జాలీ విప్పితే బాదం ఆకులు, మట్టి కలిసి నీరు పోయే రెండు మూలలూ పూడిపోయి ఉన్నాయి. పోయే దారి లేక నీరు బ్లోయరు గాలి దారిలోంచి కార్పెట్ కిందికి దిగుతోంది. కార్పెట్ ఎత్తితే ఫ్లోరు రేకు అతుకు వెంట పై తుప్పు. అదృష్టం కొద్దీ లోతుకు పోలేదు.

బోరు నీటి సంగతి తీర పక్క కాలనీల వాళ్ళందరూ ఒకసారి చూసుకోవాలి. సముద్రానికి దగ్గర బోర్లలో చాలాచోట్ల ఉప్పు నీరు కలుస్తుంది. ఆ నీటితో రోజూ బండి కడగడమంటే రోజూ ఉప్పు పూయడమే. టీడీఎస్ మీటరు ఉప్పును విడిగా చూపదు, కరిగిన లవణాలన్నీ కలిపి చూపుతుంది. అయినా ఈ పనికి అది చాలు.

మిగతావి చిన్నవి. బానెట్ మీద, రూఫ్ మీద సూదిమొనంత గోధుమ చుక్కలు చూసి ఓనరు కంగారుపడ్డారు. అవి బండి తుప్పు కావు. గాలిలో వచ్చిన ఇనుప రజను పెయింటు మీద కూర్చుని తుప్పు పట్టింది. పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరిలో తెల్ల బండ్ల మీద ఇది కనిపిస్తూనే ఉంటుంది. ఇనుము కరిగించే స్ప్రే కొట్టి, అది ఊదారంగుకు మారాక కడిగి, క్లే బార్ (బంకమట్టి లాంటి మెత్తని ముద్ద) రుద్దితే పోయాయి. వెనక్కి వెళ్ళే బ్రేకు పైపుల్లో ఒకటి క్లిప్పు దగ్గర పొరలు లేచింది. సన్న ఎమరీ రాసి గోరుతో చూశాం. గోరుకు గుంట తగిలితే మార్చడమే, బ్రేకు పైపు దగ్గర బేరం లేదు. తగిలింది, మార్చాం.

ఏది తీయాలి, ఏది వదలాలి

అడుగు కోటింగ్ మొత్తం తీసేయడం అనవసరం. స్క్రాపరు అంచు దూరినంత మేర తీశాం. అంచు దూరని చోట గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోలేదు. లెక్కకు దాదాపు సగం పోయింది. కూలిలో పెద్ద భాగం ఈ గోకుడుకే అయింది. హాట్ గన్‌తో కాస్త వెచ్చబెడుతూ గోకితే పని నడుస్తుంది. ఎక్కువ వేడి పెడితే కోటింగ్ బంకలా సాగి ఇంకా విసిగిస్తుంది. పెట్రోలు ట్యాంకు, ఇంధన పైపుల దగ్గర మాత్రం హాట్ గన్ వద్దు, చేతి స్క్రాపరే.

తుప్పు తీయడానికి చాలా షెడ్లలో గ్రైండరుకు వైరు కప్పు బిగిస్తారు. అది తుప్పును తీయడం కంటే పాలిష్ చేస్తుంది. రేకు తళతళలాడుతుంది, గుంటల్లో తుప్పు, ఉప్పు అలాగే ఉంటాయి. చదునైన చోట స్ట్రిప్ డిస్క్ (తుప్పు, పెయింటు గోకే గరుకు పీచు బిళ్ల) వాడాం, గుంటలకు చిన్న గన్‌తో ఇసుక బ్లాస్టింగ్ చేశాం. బాత్రూమ్ యాసిడ్ పూసి తుప్పు వదిలించే పద్ధతి ఒకటుంది. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పు క్షణాల్లో పోతుంది, క్లోరైడు మాత్రం గుంటల్లో మిగులుతుంది. మనం పోరాడేది దానితోనే కదా, తెచ్చి పోసుకోవడం దేనికి? తుప్పును నల్లగా మార్చే రస్ట్ కన్వర్టరును చెయ్యి, డిస్కు దూరని అతుకుల్లోనే పలుచగా వాడాం. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రకమైతే డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాకే ఎపాక్సీ. మిగిలిన యాసిడ్ మీద ఎపాక్సీ నిలవదు.

రన్నింగ్ బోర్డు బొక్క 5×2 సెంటీమీటర్లే అయినా మంచి రేకు తగిలేదాకా కోస్తే 15×6 అయింది. తుప్పు రేకు అంచుకు వెల్డింగు పట్టదు, కాలిపోయి ఇంకా పెద్దదవుతుంది. కోసే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి ఐదు నిమిషాలు ఆగాం, ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఆ పక్కనే పోతాయి. సీటు, కార్పెట్, సీటు బెల్టు కింది బోల్టు విప్పాం. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకున్నాం. 1 మిల్లీమీటరు సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు ముక్కను అంచుకు అంచు సరిపోయేలా కోసి, 0.8 మిల్లీమీటర్ల తీగతో కార్బన్ డయాక్సైడ్ వెల్డింగు చేశాం. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క అటు చివర, చల్లారాక మధ్యలో. ఏకబిగిన లాగితే రేకు మెలి తిరుగుతుంది. ఒక రేకు మీద ఇంకో రేకు పరిచి చుట్టూ వెల్డు చేయడం తేలికే, కానీ ఆ రెండు రేకుల మధ్య సందు మళ్ళీ ఉప్పునీటికి ఇల్లు. క్వార్టర్ ప్యానెల్‌లో బెజ్జాలు పడిన రెండు చోట్లనూ కలిపి 9×4 సెంటీమీటర్ల ముక్క కోసి 0.7 మిల్లీమీటర్ల రేకు అతికాం. మిగతా మూడూ గుంటలే కాబట్టి బ్లాస్టింగుతో సరిపోయింది.

మైనం, కోటింగ్ ఏదైనా వెల్డింగు పనులన్నీ ముగిశాకే. రేకు పెట్టెల లోపలికి కొట్టే క్యావిటీ మైనం మంట అంటుకుంటుంది. ఇదివరకే మైనం కొట్టిన బండికి వెల్డింగు పెట్టే టింకరుకు ఆ మాట ముందే చెప్పాలి.

కడగడం, ఆరబెట్టడం

తుప్పు తీసిన రేకు మీద నేరుగా ప్రైమరు కొడితే సగం పని వృథా. గుంటల్లో మిగిలిన ఉప్పు ప్రైమరు కింద నుంచే నీరు లాగి పొక్కులు లేపుతుంది. ఓడల పెయింటు పనిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు, వాళ్ళు ఉక్కు మీద ఉప్పు ఎంతుందో కొలిచాకే డబ్బా మూత తీస్తారు. మనకు ఆ కిట్లు అక్కర్లేదు. కుళాయి నీటితో కడిగి, కారుతున్న నీటిని గ్లాసులో పట్టి టీడీఎస్ చూడటమే. మొదటి కడుగుకు రన్నింగ్ బోర్డు నుంచి 1,150 వచ్చింది. రెండో కడుగుకు 420, మూడోదానికి 260, నాలుగుకు 205. కుళాయి నీరు 180 కాబట్టి తేడా 50 లోపుకు వచ్చాక ఆపాం.

ఆ రాత్రి రేకును అలాగే వదిలి ఉదయం చూస్తే ఉప్పు ఇంకా ఎక్కడుందో అదే చెబుతుంది. పలుచని పసుపు ఛాయ అంతటా సమానంగా వస్తే అది గాలి తేమ పని. చుక్కలు చుక్కలుగా నల్లబడితే ఆ గుంటలో ఉప్పు మిగిలినట్టు. క్వార్టర్ ప్యానెల్ దగ్గర మూడు చుక్కలు తేలాయి. అక్కడ మళ్ళీ బ్లాస్టింగ్, మళ్ళీ కడుగుడు.

ఆరబెట్టడం మన వాతావరణంలో ఓపిక పని. కంప్రెసరు గాలి కొడుతూ, దాని పైపులోనే నీళ్ళు వస్తుంటే లాభం లేదు. ఆ నీటిని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ ఉండాలి, పని మొదలెట్టే ముందు ట్యాంకు అడుగు నీరు వదలాలి. ప్రైమరుకు నియమం ఏమిటంటే గాలి తేమ 85 శాతం లోపుండాలి, రేకు వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు మంచు బిందువు దాదాపు 26. రాత్రంతా చల్లబడిన రేకు పొద్దున 8 గంటలకు ఆ హద్దులోనే ఉంటుంది. కంటికి కనపడని చెమ్మ మీద ప్రైమరు పడుతుంది. అందుకే ప్రైమరు పని ఉదయం 11 తర్వాత మొదలెట్టి మధ్యాహ్నం 3 లోపు ముగించాం. ఈ తరహా పనికి జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను ముసురు ఉంటే బండిని వెనక్కి పంపి మళ్ళీ రమ్మనడమే న్యాయం.

పొరలు

ఎపాక్సీ ప్రైమరు రెండు పొరలు, ఆరాక 70 మైక్రాన్ల దాకా. అతుకులన్నిటికీ పాలీయురేథేన్ సీమ్ సీలరు, 310 మిల్లీలీటర్ల ట్యూబులు రెండు. సీలరు పెట్టేటప్పుడు నీరు పోయే బెజ్జాల్లో పుల్లలు గుచ్చి ఉంచి తర్వాత తీశాం, లేకపోతే పూడిన చరిత్రే మళ్ళీ. చక్రాల పైభాగం, రన్నింగ్ బోర్డుల కింది అంచుల మీద మాత్రం రాళ్ళ దెబ్బను ఆపే స్టోన్ చిప్ కోటింగ్. మిగతా అడుగుకు పారదర్శకమైన మైనం పూత. పాత బండికి గట్టి నల్ల కోటింగ్ కంటే ఇదే నయమని మా అభిప్రాయం. గీతలు పడితే తనే కొంత కలుస్తుంది, కింద తుప్పు మొదలైతే కనపడుతుంది. చక్రాలు నేరుగా నీరు చిమ్మే చోట ఏడాదికే కొట్టుకుపోతుంది, అది దాని లోపం.

లోపలి పెట్టెలకు క్యావిటీ మైనం. దీన్ని పొదుపుగా కొడితే కొట్టనట్టే. ఈ బండికి పట్టింది: రన్నింగ్ బోర్డులకు ఒక్కోదానికి 600 మిల్లీలీటర్లు, నాలుగు డోర్లకు తలా 120, రెండు వెనక క్వార్టర్లకు తలా 250, ముందు ఛాసిస్ పట్టీలకు తలా 150, డిక్కీ డోరుకు 120, బానెట్ అంచులకు 80. మొత్తం 2.7 లీటర్లకు కాస్త తక్కువ, వృథా కలుపుకుని ఒక లీటరు డబ్బాలు మూడు అయ్యాయి. గాలి ఒత్తిడి 5, 6 బార్. చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టాన్ని చివరిదాకా తోసి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున వెనక్కి లాగుతూ కొట్టాలి. అన్ని బెజ్జాల నుంచీ బొట్లు కారితేనే లోపల అంతటా చేరినట్టు. కారడం ఆగాక ప్రతి బెజ్జంలోనూ మళ్ళీ సైకిల్ పుల్ల.

డోర్లకు కొట్టేటప్పుడు అద్దాలు పూర్తిగా పైకెత్తి, స్పీకర్లు విప్పాలి. డోర్ల మధ్య స్తంభంలో సీటు బెల్టు చుట్ట ఉంటుంది, దాని మీద మైనం పడితే బెల్టు లాగదు, ప్లాస్టిక్ సంచి కట్టాలి. బ్రేకు డిస్కులు, సైలెన్సరు, ఆక్సిజన్ సెన్సరు, వైరు కనెక్టర్లు, రబ్బరు బుష్‌లు మూసుకోవాలి. వేసవిలో వారం పది రోజులు డోర్ల కింద నుంచి మైనం కారుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే టైల్స్ పాడయ్యాయని ఫోన్లు వస్తాయి, కింద అట్టముక్కలు పరచమని చెప్పి పంపాం.

ఓనరు అడిగిన మరో మూడింటికి వద్దన్నాం. మొదటిది బ్యాటరీకి తగిలించే తుప్పు నిరోధక ఎలక్ట్రానిక్ డబ్బా. ఓడ అడుగుకు, జెట్టీ స్తంభాలకు కరెంటుతో తుప్పు ఆపడం నిజమే. అక్కడ ఇనుమంతా ఉప్పునీటిలో మునిగి ఉంటుంది కాబట్టి కరెంటు తిరుగుతుంది. గాలిలో నిలబడ్డ కారుకు ఆ దారి లేదు. రెండోది లారీలకు కొట్టినట్టు వాడేసిన ఇంజన్ ఆయిలు, డీజిలు. కొంత ఆపుతుంది, కానీ వాడిన ఆయిల్లో ఆమ్లాలుంటాయి, రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, ఇసుక అంటుకుంటుంది, ఇంటి ముందు నేలా పాడవుతుంది. మూడోది సిరామిక్ కోటింగ్. అది పెయింటు మెరుపు కోసం. రన్నింగ్ బోర్డు లోపలికి దానికి ప్రవేశం లేదు.

వాడకంలో మార్పులు, తిరిగి తనిఖీ

బండి అప్పగించేటప్పుడు ఓనరుకు చెప్పినవి: కవరు తీసేయాలి, తప్పదనుకుంటే గాలాడే రకం కొని నెలకోసారి మంచినీటితో ఉతకాలి. బోరు నీటి కడుగుడు ఆపాలి. వాచ్‌మన్‌కు రోజూ తడిగుడ్డ చాలు, ఆ గుడ్డ తడిపేది కూడా కుళాయి నీటితోనే. నెలకోసారి అడుగు, చక్రాల పైభాగం మంచినీటితో కడిగించాలి. ఎక్కువ ఒత్తిడి కంటే ఎక్కువ నీరు ముఖ్యం, గన్ పట్టుకుంటే అతుకులకు ఒక అడుగు దూరం. బీచ్ ఇసుకలోకి, నిలిచిన ఉప్పునీటిలోకి బండి దిగితే ఆ రోజే కడగాలి. సెప్టెంబరు చివర్లో, తుఫాన్ల కాలానికి ముందు, వైపర్ల కింది ఆకులు తీసి బెజ్జాలన్నిటిలో ఒకసారి పుల్ల ఆడించాలి.

పద్నాలుగు నెలల తర్వాత, ఒక పూర్తి వానాకాలం దాటాక, బండి మళ్ళీ లిఫ్ట్ ఎక్కింది. కెమెరాలో రన్నింగ్ బోర్డుల లోపల మైనం పొర చెక్కుచెదరలేదు, వెల్డింగు అతుకు పొడిగా ఉంది. పది బెజ్జాల్లో తొమ్మిది తెరిచే ఉన్నాయి, ఎడమవైపు ముందుది మట్టితో సగం మూసుకుంది. కార్పెట్ పొడి. క్వార్టర్ ప్యానెల్ మీద కొత్త పొక్కు లేదు. ఎడమ వెనక చక్రం పైన మడత అంచున మాత్రం మైనం పూర్తిగా కొట్టుకుపోయి, 3 సెంటీమీటర్ల మేర పై తుప్పు పలుచగా మొదలైంది. వెనక ఇరుసు స్ప్రింగు కూర్చునే గిన్నెల్లో ఇసుక చేరి అక్కడా గోధుమ ఛాయ వచ్చింది. రెండుచోట్లా కడిగి, ఆరబెట్టి, ఎమరీ రాసి, ఎపాక్సీ తాకించి, 200 మిల్లీలీటర్ల మైనంతో పని అయిపోయింది, మధ్యాహ్నానికి బండి వెళ్ళిపోయింది. చక్రాల పైభాగానికి ఏటా సెప్టెంబరులో ఇలా మళ్ళీ పూయాల్సిందే. రన్నింగ్ బోర్డులు, డోర్లకు ఏటా కెమెరా చూపు చాలు, మైనం ఎండి పగుళ్ళు కనిపించినప్పుడు మళ్ళీ కొట్టాలి. స్ప్రింగు గిన్నెలను నెలవారీ కడుగుడు జాబితాలో చేర్చి పంపాం.